ఏడో గాడిలో పసుపు

కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. కొత్త ఫ్రిజ్ కొంటే దాని నుదుటి మీద బొట్టు పెడతాం, నుదురెక్కడో తెలియకపోయినా. కాబట్టి మా కేంద్రానికి కొత్త సర్వర్లు దసరా రోజున రావడం, డైరెక్టర్ అవధాని గారు "బొట్టు పెట్టకుండా ఏదీ లోపలికి వెళ్ళకూడదు" అనడం వింతేమీ కాదు. ఆయన ఆ మాట అన్నది బల్ల మీద విప్పి పరిచిన మెమరీ మాడ్యూళ్ళని చూపిస్తూ. జానెడు కూడా ఉండని ఆకుపచ్చటి పలకలవి. కింది అంచున వరసగా సన్నటి బంగారు పళ్ళు. ఆ పళ్ళతోనే అవి మిషన్‌లోని గాడిని కరచుకుని కూర్చుంటాయి.

"శ్యామల గారూ, ఇక్కడున్న ముత్తైదువ మీరొక్కరే. మీ చేతుల మీదుగా కానివ్వండి" అన్నారు.

అప్పటికి పదిహేనేళ్ళుగా మిషన్లు విప్పి బిగిస్తున్నదాన్ని నేను. ఆ పళ్ళ మీద చెమట వేలు కూడా పడకూడదని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది నేనే. అయినా పళ్ళెం అందుకున్నాను. కాదంటే నాస్తికురాలంటారు, అవునంటే తెలివితక్కువదంటారు. తెలివితక్కువదన్న పేరు పర్వాలేదనుకున్నాను. ఒక్కో పలక మీద స్టిక్కర్ ఉన్నచోట చిటికెడు పొడి కుంకుమ అద్దుకుంటూ పోయాను. రెండో మిషన్ కుడి వరసలో ఏడోది చేతికొచ్చేసరికి ఆగాను. మా ఆయన జ్ఞాపకాలు వెళ్ళబోయేది దానిలోకే. దానికి మాత్రం గిన్నెలో పసుపు తడిపి నిండుగా రాసి, మీద కుంకుమ పెట్టి, కళ్ళకద్దుకుని మరీ బిగించాను.

ఆ రోజు అంత ప్రేమ చూపించకుండా ఉండాల్సింది.

మా కేంద్రం విశాఖలో, రుషికొండ దాటాక సముద్రానికి ఎదురుగా ఉన్న గుట్ట మీద ఉంది. దెబ్బ తగిలో, ఊపిరాడకో మెదడులో కొత్త సంగతులు నిలవనివాళ్ళకి మేము తోడుమతి పెడతాం. చెవి వెనక రూపాయి బిళ్ళంత పరికరం. మనిషి చూసినదీ విన్నదీ అది మా సర్వర్‌కి పంపుతుంది, ఆ మనిషికి అవసరమైనప్పుడు తిరిగి తెచ్చి అందిస్తుంది. కరెంటు పోయినా చెరగని మాడ్యూళ్ళు మావి. ఒక్కో దాంట్లో ఇద్దరు మనుషులు.

మా ఆయన గౌరునాయుడు హార్బర్‌లో క్రేన్ నడిపేవాడు. పాలిటెక్నిక్‌లో నా క్లాసే. మా మధ్య "మీరు" అన్న మాట ఎప్పుడూ లేదు. మూడేళ్ళ కిందట మా అమ్మాయి ప్రణతిని స్కూటర్ మీద ఎక్కించుకుని ఇంటర్ హాస్టల్లో సీటు అడగడానికి భీమిలి రోడ్డున వెళ్తుంటే లారీ కొట్టింది. పాప అక్కడికక్కడే పోయింది. ఆయన బతికాడు, కానీ ఆ పొద్దున్నకి ముందున్న బతుకు మాత్రమే ఆయన దగ్గర మిగిలింది. తర్వాత జరిగిందేదీ గంటకి మించి నిలిచేది కాదు.

ఆ మొదటి ఎనిమిది నెలలు ఎలా గడిచాయో చెప్పడం నాకిష్టం లేదు, అయినా చెబుతాను. రోజూ నిద్ర లేచి, "గుంట లేచిందా?" అనేవాడు. మా వైపు పిల్లని గుంట అంటాం. నేను చెప్పేదాన్ని. అప్పుడే విన్న తండ్రి ఎలా ఏడుస్తాడో అలా ఏడ్చేవాడు. మర్నాడు మళ్ళీ "గుంట లేచిందా?" అనేవాడు. ఒక్క చావుని రెండు వందల నలభైసార్లకి పైనే చెప్పాను. ఎవరో దయగల డాక్టరు అబద్ధం చెప్పొచ్చు కదమ్మా అన్నాడు. మా పాప పోయిందని తెలిసిన మనిషి నాతోపాటు ఇంకొకరు ఉండాలి కదా, నేనొక్కదాన్నే ఎలా మొయ్యను అని ఆయన్నే దులిపేశాను. అప్పట్లో నేనంత నిజాయితీపరురాలిని.

తోడుమతి పెట్టాక గౌరుకి ఒక్కసారే చెప్పాను. ఏడాదిపాటు ఏడ్చాడు, కానీ అది ఒకే ఏడుపు. తగ్గుతూ వచ్చింది. ఆ ఏడాది మేమిద్దరం కూర్చుని పాప గురించి మాట్లాడుకునేవాళ్ళం. కొత్త సర్వర్లు వచ్చినప్పుడు ఆయన్ని పాత మిషన్ నుంచి రెండో మిషన్‌కి మార్చారు.

శివరాత్రి వెళ్ళిన వారం ఒక పొద్దున్న టీ తాగుతూ అన్నాడు: "గుంటకి హాస్టల్లో తిండి సరిపోతున్నాదో లేదో. సున్నుండలు చేద్దామా?"

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తమాషా చేస్తున్నాడేమో అని మొహంలోకి చూశాను. హాయిగా ఉంది మొహం. "చేద్దాం" అన్నాను.

ఆఫీసుకి వెళ్ళగానే మిషన్ల చిట్టా తీశాను. రెండో మిషన్ మీద పసుప్పచ్చ దీపం వెలుగుతోంది. కుడి వరసలో ఏడోది తప్పులు చదువుతోంది.

మా మిషన్‌లో ప్రతి జ్ఞాపకం రెండు చోట్ల ఉంటుంది. కుడి వరసలో ఒకటి, ఎడమ వరసలో దాని జంట. కుడిది మాట్లాడుతుంది. ఎడమది మూగది, వచ్చింది వచ్చినట్టు రాసుకుంటూ కూర్చుంటుంది. కుడిది ఎక్కడైనా తప్పు చదివితే ఎడమదాన్ని అడగాలి. అడిగితే రెండు క్షణాలు ఆలస్యం, రోగి మాట మధ్యలో ఆగి నోరు తెరుచుకుని ఉంటాడు. చూడవచ్చిన పెద్దమనుషుల ముందు అది బాగుండదని మావాళ్ళు మిషన్‌కి అతితెలివి ఒకటి నేర్పారు. చెడిన చోట, ఆ మనిషి పాత జ్ఞాపకాల్లోంచి సరిపోయేదేదో తెచ్చి అతికించేస్తుంది. గౌరు జ్ఞాపకంలో పాప చావున్న చోటు చెడింది. దానికి దగ్గర్లో హాస్టల్ అన్న మాట ఉంది. మిషన్ పాపని తీసుకెళ్ళి హాస్టల్లో చేర్చింది.

ఇలాంటప్పుడు చెయ్యాల్సిన పని చిన్నపిల్లకి కూడా తెలుసు. చెడిన మాడ్యూల్ తీసి కొత్తది పెట్టాలి. ఎడమది తన దగ్గరున్న అసలు ప్రతిని కొత్తదాంట్లోకి రాస్తుంది. గంటలోపు పని. చెయ్యాల్సింది నేనే.

నేను తెర మీద "గమనించాను" అన్న బటన్ నొక్కాను. అది నొక్కితే దీపం వారం రోజులు ఆరిపోతుంది. వారం తర్వాత మళ్ళీ వెలిగింది, మళ్ళీ నొక్కాను. అలా పధ్నాలుగు వారాలు నొక్కాను.

ఆ పధ్నాలుగు వారాలూ మా ఇల్లు ఇల్లులా ఉంది. ఆదివారం ఆదివారం గౌరు మినుములు వేయించేవాడు, బెల్లం కోరేవాడు, ఉండలు చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి పురికొసతో కట్టేవాడు. హార్బర్‌లో నేర్చిన ముడి, ఒక్కసారి లాగితే ఊడొస్తుంది.

"నేనూ వస్తాను సోమవారం" అనేవాడు.

"ఆడపిల్లల హాస్టలు. నాన్నల్ని గేటు దగ్గరే ఆపేస్తున్నారు."

"ఫోనైనా చెయ్యదేటి?"

"చేసింది. నువ్వు పడుకున్నావు. లేపొద్దంది."

"మంచిదే, నిద్ర చెడగొట్టకూడదని" అని మురిసిపోయేవాడు.

ఆ డబ్బా పట్టుకెళ్ళి ఆఫీసు క్యాంటీన్‌లో పెట్టేసేదాన్ని. ఒకరి తర్వాత ఒకరు తినేవారు. శ్యామల గారింట్లో ఏం విశేషమో అనుకునేవారు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఒకటి రెండు వారాలు పోయాక ఆదివారం వస్తోందంటే నాకూ సంబరంగా ఉండేది. మా పాప నిజంగానే భీమిలిలో చదువుకుంటున్నట్టు, నెయ్యి కాస్త ఎక్కువ వెయ్యమని నేనే చెప్పేదాన్ని.

జూన్ నెల మొదట్లో ఒక శనివారం మధ్యాహ్నం రిసెప్షన్ వాళ్ళు పిలిచారు. జాలరిపేట నుంచి మైలపల్లి పోలయ్య అనే అతను వచ్చాడు, మిషన్ చూసే మేడమ్‌నే కలుస్తానని కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు కట్టి ఉంది.

"ఏమైంది చేతికి?" అన్నాను.

"మా అన్న, అమ్మా. సేపలు కోసే కత్తి."

వాళ్ళన్న ఎర్రయ్య మా దగ్గర తోడుమతి పెట్టించుకున్నవాడే. రెండేళ్ళ కిందట పడవ తిరగబడి నీళ్ళు మింగాడు. పోలయ్య దూకి ఒడ్డుకి లాక్కొచ్చాడు. ప్రాణం దక్కింది, జ్ఞాపకం పోయింది.

"తోడుమతి పెట్టినప్పుడు నేనే సెప్పినానమ్మా, నిన్ను నీటిలోంచి లాగింది నేనేనని. నా సెయ్యట్టుకుని ఏడిసినాడు. మొన్న శివరాత్రి ఎల్లినకాడ్నించి మాట మారిపోనాది. నువ్వే నన్ను నీటిలోకి తోసీసినావంతన్నాడు. అన్నం పట్టుకెల్తే ఇసం కలిపినావంతన్నాడు. మా వదిన కూడా నన్ను గుమ్మమెక్కనివ్వట్లేదు. మొన్న మాట్లాడదామని ఎల్లినాను." కట్టు వైపు చూసుకున్నాడు. "నాను కేసెట్టనమ్మా. మా అన్న అలాంటోడు కాదు. మీ మిషన్లోనే ఏటో అయ్యుంటాది, సూడండి. మళ్ళీ కత్తి తీస్తే ఈసారి సెయ్యితో పోదు."

"చూస్తాను" అన్నాను.

పైకి వెళ్ళి ఎర్రయ్య నంబరు కొట్టాను. రెండో మిషన్, ఏడో గాడి. మా ఆయన పక్కనే ఉన్నాడు, ఒకే పలక మీద. తమ్ముడు నీటిలోంచి లాగిన చోటు చెడితే, చిన్నప్పుడెప్పుడో ఆటకి నీటిలోకి తోసింది తెచ్చి అతికించి ఉంటుంది మిషన్. ఒక మాడ్యూల్‌లో ఇద్దరుంటారని తెలుసు. రెండోవాళ్ళెవరో ఒక్క బటన్ నొక్కితే తెలిసేది. నాకు పనికొచ్చిన బటన్ పధ్నాలుగుసార్లు నొక్కిన వేలు ఆ బటన్ జోలికి పోలేదు.

అవధాని గారి గదికి వెళ్ళి, ఎల్లుండి పదకొండింటికి రెండో మిషన్ ఆపుతున్నాం, మాడ్యూల్ మార్చాలి అని చెప్పాను. దీపం ఎప్పటి నుంచి వెలుగుతోందని ఆయన అడగలేదు. అడగకపోవడం ఆయన మంచితనమో, నిర్లక్ష్యమో ఇప్పటికీ తెలియదు.

సోమవారం వచ్చింది. బయలుదేరుతుంటే గౌరు డబ్బా చేతిలో పెట్టాడు.

"ఈసారి రెండు వరసలు పెట్టాను. స్నేహితురాళ్ళకి కూడా ఇమ్మను. పిసినారితనం మీ అమ్మమ్మగారి నుంచి వచ్చింది దానికి."

"చెప్తాను."

"ఏటలాగున్నావు?"

"ఏం లేదు. పదకొండింటికి నీ మిషన్ కాసేపు ఆపుతాం. పక్కింటి అప్పాయమ్మ గారు వచ్చి కూర్చుంటారు. ఆ గంటా పడుకో. కొత్త సంగతులేం మాట్లాడకు."

"మంచి ర్యామ్ పెట్టు నాకు. చౌకది అంటగట్టీకు" అని నవ్వాడు. ఆ నవ్వు బాగా చూసుకున్నాను.

మాడ్యూల్ మార్చడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇద్దరుండాలి. ఒకరు కాగితం చూసి పైకి చదవాలి, రెండోవాళ్ళు చెయ్యాలి, చేశాక "అయింది" అనాలి. చదివేవాళ్ళు చెయ్యకూడదు, చేసేవాళ్ళు తొందరపడకూడదు. ఆ రోజు చదవాల్సినతను సెలవు పెట్టాడు. అవధాని గారే వచ్చి వరస చివరన తెర ముందు కుర్చీ వేసుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నారు. సంకల్పం చెబుతున్నట్టు రాగం తీస్తూ చదవడం మొదలెట్టారు.

"రోగుల ఇళ్ళకి ఫోన్లు చేసి, అందరినీ పడుకోబెట్టించాలి."

"అయింది." చెవి వెనక బిళ్ళలో గంటకి సరిపడా నిలవ ఉంటుంది. ఆ గంటలోపే మిషన్ మళ్ళీ లేవాలి.

"మిషన్‌ని ఆపమని తెర మీద ఆజ్ఞ ఇవ్వాలి. వైరు లాగి ఆపరాదు."

"అయింది." ఫ్యాన్లు హోరు తగ్గి ఆగాయి. ఆ గదిలో ఎప్పుడూ ఉండే మోత ఒక్కసారి సగమైంది.

"వెనక ఉన్న రెండు కరెంటు వైర్లూ తీయాలి. రెండూ తీశామని చేత్తో తాకి చూసుకోవాలి. దీపాలన్నీ ఆరేదాకా ఆగాలి."

"అయింది."

"మణికట్టుకి పట్టీ కట్టుకుని, దాని కొస రంగు లేని ఇనుముకి తగిలించాలి."

ఒంట్లోని చిన్న మెరుపు చాలు, ఒక మాడ్యూల్ చచ్చిపోవడానికి. పట్టీ బిగించుకున్నాను. మిషన్‌ని పట్టాల మీద ముందుకి లాగి, చప్పుడయ్యేదాకా ఆగి, మూత తీశాను. గాలిని దారి పట్టించే ప్లాస్టిక్ గొడుగు తీసి పక్కన పెట్టాను. రెండు వరసల పచ్చటి పలకలు కనిపించాయి.

"కుడి వరస, ఏడో గాడి. రెండుసార్లు లెక్కపెట్టాలి."

లెక్కపెట్టాను. రెండుసార్లూ ఏడే వచ్చింది.

"గాడి రెండు కొసల్లో మాడ్యూల్‌ని పట్టి ఉంచే చెవులూ ఒకేసారి కిందికి నొక్కి, మాడ్యూల్ అంచులు పట్టుకుని నిటారుగా పైకి తీయాలి."

నొక్కాను. మామూలుగా టక్కున పైకి లేస్తుంది. ఇది లేవలేదు. ఏదో అంటుకున్నట్టు ఉంది. ఇటూ అటూ ఊపకుండా మెల్లగా లాగాను. వచ్చింది.

బంగారు పళ్ళ మీద గట్టిగా పెచ్చు కట్టి పసుపు ఉంది. తడిగా రాసినది కారి, సముద్రపు గాలికి ఊరి, ఆరి, మళ్ళీ ఊరి, పళ్ళ సందుల్లోకి పాకి ఉంది. ఆ పైన స్టిక్కర్ మీద నేను పెట్టిన కుంకుమ చెక్కు చెదరలేదు.

మాడ్యూల్ చావలేదన్న సంగతి ముందుగా అర్థమైంది. పళ్ళకి మట్టి పట్టింది, అంతే. స్పిరిట్‌తో తుడిస్తే బాగుపడుతుంది. బాగుపడి, ఇంతవరకూ అతికించుకున్నవన్నీ అలాగే భద్రంగా ఉంచుకుంటుంది. దాన్ని తుడిచి తిరిగి కుడివైపే పెట్టి, ఎడమ ఏడు తీసి జేబులో వేసుకుని, దాని చోట కొత్తది బిగిస్తే చాలు. కుడిది తన దగ్గరున్నది కొత్తదాంట్లోకి రాస్తుంది. ఒక మాడ్యూల్ మార్చినట్టే కాగితం మీద ఉంటుంది. దీపం ఆకుపచ్చగా వెలుగుతుంది. అసలు ప్రతి ఇంకెక్కడా ఉండదు. గౌరు బతికున్నంతకాలం ఆదివారం ఆదివారం సున్నుండలు చుడతాడు.

"అయిందా?" అన్నారు అవధాని గారు, వెనక్కి తిరక్కుండానే.

ఎడమ ఏడు మీద వేలు పెట్టాను. చెవి చల్లగా తగిలింది. గౌరు పొద్దున నవ్విన నవ్వు గుర్తొచ్చింది. కట్టు కట్టుకుని, మా అన్న అలాంటోడు కాదు అన్న మనిషి గుర్తొచ్చాడు. ఒకే పలక మీద ఒకరికి కూతురుని ఇచ్చి, ఇంకొకరికి తమ్ముణ్ణి తీసేసింది నా పసుపు. గౌరు కూతుర్ని ఉంచాలంటే ఎర్రయ్య తమ్ముడు చావాలి.

ఆ వేలు ఎంతసేపు అక్కడుందో తెలియదు. నా మీద నాకు నమ్మకం లేదని మటుకు తెలిసింది. అందుకే పిలిచాను.

"సార్, ఒకసారి ఇటొచ్చి చూడండి."

ఆయన లేచి వచ్చారు. చూసిన మనిషి ఉండగా ఇంక నేనేం చెయ్యలేను. కళ్ళజోడు సర్దుకుని పలక దగ్గరగా చూశారు.

"పసుపా?"

"అవును సార్. నేను పెట్టింది. మీరు పెట్టమన్నారు, నేను ఎక్కువ పెట్టాను."

ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చుని కాగితం తీసుకున్నారు. "గాడిని శుభ్రం చేసి కొత్తది అమర్చాలి" అన్నారు. ఈసారి రాగం లేదు.

బ్రష్షుతో, స్పిరిట్‌తో గాడి తుడిచాను. ఆరేదాకా ఆగాను. కొత్త మాడ్యూల్ గాటు గాడిలోని గాటుతో కలిసిందో లేదో చూసి, రెండు బొటనవేళ్ళతో రెండు కొసలూ సమంగా నొక్కాను. చెవులు వాటంతటవే మూసుకున్నాయి. మూత, వైర్లు, పట్టాలు. మిషన్ లేచింది. పరీక్ష నడిచింది. ఎడమ ఏడు తన దగ్గరున్నదంతా కొత్తదానికి చెప్పడం మొదలెట్టింది. పదకొండు నిమిషాలు పట్టింది. దీపం ఆకుపచ్చగా మారింది.

"కారణం ఏమని రాయమంటారు?" అన్నాను.

"సముద్రపు గాలి, తేమ" అన్నారాయన నా కళ్ళలోకి చూడకుండా.

నేను "పసుపు" అని రాసి, పధ్నాలుగు వారాల "గమనించాను" లెక్క కింద రాసి సంతకం పెట్టాను. మర్నాటికి ఆ కాగితం మారిపోయి ఉంది. అందులో తేమ అనే ఉంది.

సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరాను. అప్పాయమ్మ గారు గుమ్మంలోనే ఎదురయ్యారు. "పన్నెండింటికి లేచాడమ్మా. అప్పట్నించి పలకలేదు. అన్నం ముట్టలేదు" అని వెళ్ళిపోయారు.

గౌరు వంటగదిలో నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందు పురికొస ఉండ ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని ఏడవడం లేదు. ఏడాదిపాటు ఏడ్చిన ఏడుపు ఎడమదాంట్లో భద్రంగా ఉందిగా, అది తిరిగొచ్చేసింది. మళ్ళీ కొత్తగా ఏడవక్కర్లేదు. అంతమేరకు తేలిగ్గా అయిందనుకుని పక్కన కూర్చోబోయాను.

"పధ్నాలుగు డబ్బాలు" అన్నాడు. "ఇవాల్టితో పదిహేను. ఎక్కడికెల్లినాయి?"

పదిహేనేళ్ళ అనుభవం నాది. ఆ ఒక్క సంగతి తట్టనే లేదు. ఎడమది మూగది, వచ్చింది వచ్చినట్టు రాసుకుంటుంది. పాప చావుతోపాటు ఈ పధ్నాలుగు వారాలూ రాసుకుంది. నాన్నల్ని గేటు దగ్గర ఆపేస్తారన్నది, ఫోన్ చేసిందన్నది, లేపొద్దందన్నది, ఒక్క అక్షరం పోకుండా ఉంచింది.

"క్యాంటీన్‌లో పెట్టాను" అన్నాను.

"తిన్నారా?"

"తిన్నారు."

"బాగున్నాయన్నారా?"

నేను పురికొస ఉండని పక్కకి జరిపాను. ఆయన తలూపాడు, నేను జవాబు చెప్పినట్టే.

"నెయ్యి ఎక్కువెయ్యమన్నావు చూడు" అన్నాడు. "అది మిషన్ అనలేదు కదా. నువ్వన్నావు."

"నేనే అన్నాను."

"నా బుర్ర చెడిపోనాది. నీది బాగానే ఉన్నాది కదే. ఏడాదిపాటు ఇద్దరం కూర్చుని ఏడ్చుకున్నాం. మళ్ళీ నన్ను పిచ్చోణ్ణి చేసి ఒక్కదానివే ఎలా ఏడ్చావు?"

ఏడవలేదని, సంబరపడ్డానని ఎలా చెప్పను. పసుపు సంగతి చెప్పాను. బటన్ సంగతి చెప్పాను. ఎర్రయ్య కత్తి, పోలయ్య చెయ్యి చెప్పాను. అన్నీ విన్నాడు. తర్వాత మెడ వంచి, చెవి వెనకున్న బిళ్ళని నా వైపు తిప్పాడు.

"ఇది తీసీ."

"వద్దు గౌరూ."

"తీసీ అంటున్నాను. తియ్యడం నీకే కదా తెలుసు." గొంతు పెంచలేదు. "గుంట పోయిందన్నది మొయ్యగలను. మోసినాను. దాంతోపాటు ఇది మొయ్యలేను. నీ మొహం చూసినప్పుడల్లా డబ్బా గుర్తొస్తాది. రేపు పొద్దున్న లేచి గుంట లేచిందా అని అడుగుతాను. ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. నాకు గుర్తుండదు. నీకుంటాది."

రెండు రోజులు వాదించాను. మూడో రోజు తీశాను. బొటనవేలితో నొక్కి పావు వంతు తిప్పితే వచ్చేస్తుంది. గంటకి ఆయన మొహం తేటపడింది. వంటగదిలోకి వచ్చి, నేనెందుకలా ఉన్నానని, ఒంట్లో బాగోలేదా అని నుదురు తాకి చూశాడు. ఆ చెయ్యి అంత మెత్తగా తగలకపోతే బాగుండేది.

పోలయ్య నెల తర్వాత కేంద్రానికి వచ్చాడు. కట్టు విప్పేశారు. వంజరం చేప ఒకటి అరటాకులో చుట్టి తెచ్చి, "మా అన్న పంపినాడమ్మా, మిమ్మల్ని దేవత అంతన్నాడు" అన్నాడు. చేప తీసుకున్నాను.

మళ్ళీ దసరా వచ్చింది. అవధాని గారు పిలిచి, ఈసారి మిషన్ మూత మీద పెడదామన్నారు, పళ్ళెం నా చేతికే ఇచ్చారు. మూత మీద కూడా పెట్టనని చెప్పి వచ్చేశాను.

ఇంట్లో రోజూ నిజమే చెబుతున్నాను. "గుంట లేచిందా?" అంటాడు. చెబుతాను. కూర్చుని ఏడుస్తాడు, పక్కన కూర్చుంటాను. మధ్యాహ్నానికి మళ్ళీ అడుగుతాడు. కొన్ని రోజులు మూడుసార్లు చెప్పాల్సొస్తుంది.

నిన్న మాత్రం నా వల్ల కాలేదు. అడిగినప్పుడల్లా హాస్టల్లో ఉందనే చెప్పాను. "అలాగా, సీటిచ్చేశారా?" అని ప్రతిసారీ మురిసిపోయి నిన్నంతా ఇల్లు సర్దాడు, రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు, మినుములున్నాయా అని డబ్బాలన్నీ మూత తీసి చూశాడు. పడుకునే ముందు ఇంకోసారి చెబితే, సోమవారం నేనూ వస్తాను అన్నాడు. సరేనన్నాను.

ఈ పొద్దున్న లేచి, "గుంట లేచిందా?" అన్నాడు.